నూలు కంపెనీ ఫోను మాట: పర్వత్ పాటియా సాంచెల వాడలో జియో ప్రకటనలు

2016 సెప్టెంబరు 1న ముంబైలో రిలయన్స్ ఇండస్ట్రీస్ వార్షిక సర్వసభ్య సమావేశం జరిగింది. వాటాదారులకు కంపెనీ ఏటా లెక్క చెప్పుకోవడానికి చట్టం విధించిన ఈ సభ ఆ రోజు వ్యాపార వార్తల చానళ్లలో ప్రత్యక్షంగా ప్రసారమవుతుండగానే పోటీ టెలిఫోన్ కంపెనీల షేర్లు జారడం మొదలైంది. మార్కెట్ మూసే వేళకు ఎయిర్‌టెల్ షేరు ఆరు శాతానికి పైగా, ఐడియా షేరు సుమారు పది శాతం నష్టపోయాయి. జియో అనే కొత్త నెట్‌వర్క్‌లో మాటలకు ఎప్పటికీ డబ్బు ఉండదనీ, దేశంలో ఎక్కడికి వెళ్లినా రోమింగ్ రుసుము ఉండదనీ కంపెనీ అధినేత ముకేశ్ అంబానీ చెప్పిన మాటలకు దలాల్ స్ట్రీట్ ఇచ్చిన ఈ తక్షణ స్పందన పత్రికల్లో విస్తారంగా నమోదైంది. టెక్నాలజీ కంపెనీ కొత్త వస్తువును వేదిక మీద విడుదల చేస్తే ప్రజలు ఎలా స్పందించారన్న ప్రశ్నకు సాధారణంగా ఇటువంటి షేరు ధరలూ, సభలోని చప్పట్లూ, తెర మీద పరుగులు తీసే వ్యాఖ్యలే జవాబుగా నిలుస్తాయి. ఆ కంపెనీతో ఫోను కన్నా చాలా ముందే మరో రకమైన సంబంధం ఉన్నవారి విషయంలో ఈ జవాబు చాలదు. సూరత్ తూర్పు అంచున, బార్డోలీ వైపు పోయే రోడ్డు మీద ఉన్న పర్వత్ పాటియాలోనూ, దానికి పొరుగున ఉన్న లింబాయత్, డిండోలీ వాడల్లోనూ స్థిరపడ్డ తెలుగు నేత కుటుంబాలకు రిలయన్స్ మొదట నూలు కంపెనీ. ఫోను ఆ తర్వాత వచ్చింది.

తెలంగాణ పద్మశాలీల వలస చరిత్ర సూరత్‌తో మొదలుకాలేదు. మిల్లు నూలు, మిల్లు గుడ్డ చేతిమగ్గాన్ని దెబ్బతీసిన కాలం నుంచి వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నేతగాళ్లు షోలాపూర్‌కూ బొంబాయికీ, తర్వాత భివండీకీ పోతూ వచ్చారు. బొంబాయిలోని కామాఠీపురాకు ఆ పేరు తెలంగాణ నుంచి వచ్చిన కూలీల వల్లనే స్థిరపడింది. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె ఆ నగరపు మిల్లు పరిశ్రమను తిరిగి లేవనీయని స్థితికి చేర్చగా, గుడ్డ ఉత్పత్తి భివండీ, సూరత్ వంటి మరమగ్గాల కేంద్రాలకు మరింతగా జరిగింది. తెలంగాణ నేత కార్మికులు మరమగ్గాలను సాంచెలు అంటారు. సిరిసిల్లలో ఇప్పటికీ అదే మాట. సూరత్‌లో సాంచెల పని సాధారణంగా పగలు పన్నెండు గంటలు, రాత్రి పన్నెండు గంటలుగా రెండు షిఫ్టుల్లో సాగుతుంది. ఒక్కో కార్మికుడు పక్కపక్కనున్న పలు సాంచెలను ఒక్కడే చూసుకుంటూ, తెగిన పడుగు పోగు ముడివేస్తూ, నేసిన గుడ్డ మీటర్ల లెక్కన కూలి తీసుకుంటాడు. అలా వచ్చి నిలదొక్కుకున్న కుటుంబాల పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతోపాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడపవలసి రావడం ఆ వలస పరిమాణాన్ని చెప్పే అధికారిక సాక్ష్యం.

సూరత్ సాంచెల మీద ఎక్కువగా నడిచేది పత్తి కాదు, పాలియెస్టర్. పెట్రోలియం నుంచి తీసిన రసాయనాలను కరిగించి, సన్నటి రంధ్రాల గుండా తీసి పోగులుగా మార్చే ఫిలమెంట్ నూలు ఇది. రిలయన్స్ వ్యవస్థాపకుడు ధీరూభాయ్ అంబానీ 1966లో అహ్మదాబాద్ దగ్గరి నరోడాలో మిల్లు పెట్టి విమల్ పేరుతో గుడ్డ అమ్మిన దశ దాటి, 1982లో మహారాష్ట్రలోని పాతాళగంగలో పాలియెస్టర్ ఫిలమెంట్ నూలు తయారీ ప్రారంభించాడు. 1990ల ఆరంభంలో తాపీ నది సముద్రంలో కలిసే చోట, సూరత్ నగరానికి పడమరన ఉన్న హజీరాలో ఆ కంపెనీ పెట్రోరసాయన కర్మాగారం వెలిసింది. ఈ నూలుకు మెలిపెట్టి, బీము మీదికి, అంటే పడుగు పోగులు చుట్టే పెద్ద రోలరు మీదికి ఎక్కించి, సాంచె మీద గ్రే గుడ్డగా నేసి, రంగుల మిల్లుకు పంపి, రింగ్ రోడ్డు మార్కెట్లలో చీరలుగా, డ్రెస్ మెటీరియల్‌గా అమ్మే గొలుసులో సాంచె కార్మికుడు మధ్యలో ఉంటాడు. గొలుసు మొదట్లో నూలు ధర పెరిగినా, చివర్లో చీర గిరాకీ తగ్గినా, సాంచె యజమాని ముందుగా ఆపేది మగ్గాన్నే. దిగుమతి నూలు మీద సుంకాలు ఎంత ఉండాలన్న దాని మీద సూరత్ నేతదారులకూ పెద్ద నూలు తయారీదారులకూ దశాబ్దాలుగా వాదం నడవడానికి కారణం కూడా ఇదే: సుంకం పెంచితే తయారీదారుకు రక్షణ, నేతదారుకు భారం. రిలయన్స్ ఏదైనా ధర ప్రకటించినప్పుడు సూరత్ వాడలు దాని వెనుక షరతుల కోసం వెతకడంలో ఆశ్చర్యం లేదు. ఆ అలవాటు నూలు బజారులో పుట్టింది.

ఆ కంపెనీ సభను జనం తిలకించే వేడుకగా మార్చడం కూడా టీవీ, ఇంటర్నెట్‌లకన్నా పాతది. 1977లో రిలయన్స్ తన షేర్లను ప్రజలకు అమ్మినప్పుడు కొన్నవారిలో గుజరాత్ చిన్న పట్టణాల మధ్యతరగతి కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వారి సంఖ్య పెరుగుతూ పోయేసరికి మామూలు సభామందిరాలు చాలక, 1985లో బొంబాయి కూపరేజ్ ఫుట్‌బాల్ మైదానంలోనూ, 1986లో క్రాస్ మైదాన్‌లో షామియానాల కింద 30,000 మందికి పైగా వాటాదారుల ఎదుటా సమావేశాలు జరిగాయి. స్టీవ్ జాబ్స్ 2007 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కో వేదిక మీద ఐఫోన్‌ను చూపినప్పుడు ఎదురుగా కూర్చున్నది ప్రధానంగా ఆ పరిశ్రమకు చెందినవారూ, విలేఖరులూ, ఆ కంపెనీ వస్తువుల అభిమానులూ. ముంబై సభలో కూర్చున్నవారు వస్తువును కొనడానికి కాక, దాని లాభంలో వాటా తీసుకోవడానికి వచ్చినవారు. అందువల్ల అక్కడి చప్పట్లను ప్రజాస్పందనగా తీసుకోవడం పొరపాటు.

పర్వత్ పాటియా తెలుగు ఇంటికి ఫోను అంటే ఏమిటో తెలియాలంటే ఆ ఇంటికీ సొంతూరికీ మధ్య మాట ఎలా నడిచిందో చూడాలి. మొదట ఉత్తరం, మనియార్డరు. 1980ల చివర నుంచి పసుపు రంగు బోర్డులతో వీధి వీధికీ వెలసిన ఎస్టీడీ బూత్‌లు మాటను దగ్గర చేశాయి గానీ దూరాన్ని బట్టి నిమిషానికి ధర పెరిగే పద్ధతి వల్ల సూరత్ నుంచి వరంగల్‌కు మాట్లాడటం ఖరీదైన పనిగానే ఉండేది. రాత్రి బాగా పొద్దుపోయాక రేటు పావు వంతుకు తగ్గేది కాబట్టి దూరప్రాంతాలకు మాట్లాడేవారు ఆ వేళ దాకా ఆగేవారు. పన్నెండు గంటల రాత్రి షిఫ్టులో ఉన్న మనిషికి ఆ రాయితీ దక్కేది కాదన్నది ధరల పట్టికలో కనిపించని విషయం. పైగా ఊళ్లో అవతలి చివర ఫోను ఉన్నవారు ఎవరో ఒకరే; వారింటికి కబురు పంపి, ఫలానా వేళకు పిలిపించుకోవలసి వచ్చేది.

ఫోను కాల్ ధర పోస్టుకార్డు కన్నా తక్కువ కావాలన్న ధీరూభాయ్ కోరికను ప్రచార సూత్రంగా చేసుకుని, ఆయన మరణించిన ఏడాదే, 2002 డిసెంబరు చివర్లో రిలయన్స్ ఇన్ఫోకామ్ రంగంలోకి దిగింది. తన ఫోన్ల మధ్య దూరపు కాల్‌కు నిమిషానికి 40 పైసలు అని ప్రకటించింది. 2003 జూలైలో మాన్‌సూన్ హంగామా పేరుతో 501 రూపాయలు కడితే హ్యాండ్‌సెట్, కనెక్షన్ చేతికిచ్చే పథకం వచ్చినప్పుడు దేశమంతా దుకాణాల ముందు జనం నిలబడ్డారు. అయితే ఆ కంపెనీకి అప్పుడున్న లైసెన్సు పరిమిత సంచారానికే, అంటే ఫోను ఒక చిన్న ప్రాంతపు హద్దుల్లో మాత్రమే పనిచేయాలన్న షరతుతో ఇచ్చినది. 2003 నవంబరులో ప్రభుత్వం ఏకీకృత లైసెన్సు విధానం తెచ్చేదాకా ఇది వివాదంగా నడిచింది. ఇల్లు ఒక రాష్ట్రంలో, పని మరో రాష్ట్రంలో ఉన్నవారికి ఊరు దాటగానే మూగబోయే ఫోను సగం ఫోనే. ఉద్దెర మీద తీసుకున్న ఫోన్లకు బిల్లులు కట్టలేక వదిలేసినవారు దేశమంతటా చాలామంది తేలారు; చౌకగా చేతికొచ్చిన వస్తువు వెనుక నెలనెలా కట్టవలసినది ఉంటుందన్న పాఠం ఆ రోజుల్లోనే అందింది.

2006 మార్చి 1 నుంచి బీఎస్ఎన్ఎల్, ఎంటీఎన్ఎల్ వన్ ఇండియా పథకం కింద దేశంలో ఏ మూలకైనా నిమిషానికి రూపాయి అన్నప్పుడు దూరం అన్న లెక్క చాలావరకు పోయింది. వలస కుటుంబాల సమాచార చరిత్రలో ఈ తేదీకి జియో విడుదలకు తీసిపోని స్థానం ఉండాలి. ప్రభుత్వ సంస్థల ప్రకటనకు వేదిక హంగులు లేకపోవడం వల్ల కాబోలు దాన్ని తలచుకునేవారు తక్కువ. మిగిలింది రోమింగ్. భారత టెలికాం వ్యవస్థ దేశాన్ని సర్కిళ్లుగా విభజించింది. ఒక సర్కిల్‌లో తీసుకున్న సిమ్‌ను మరో సర్కిల్‌లో వాడితే అదనంగా కట్టవలసి వచ్చిన రుసుమే రోమింగ్. అహ్మదాబాద్ నుంచి చెన్నై పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్‌లో ఎక్కినవారిని నందుర్‌బార్, జల్‌గావ్, భుసావళ్, వార్ధా మీదుగా వరంగల్ చేరుస్తుంది. ఆ ప్రయాణంలో ఫోను మొదట గుజరాత్ సర్కిల్ దాటి మహారాష్ట్ర సర్కిల్‌లోకి, బల్లార్షా తర్వాత ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోకి మారేది. తెలంగాణ 2014లో వేరు రాష్ట్రమైనా టెలికాం పటంలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే ఉండిపోయింది. 2015 మే నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ గరిష్ఠ రేట్లు తగ్గించాక కూడా రోమింగ్‌లో వచ్చే కాల్ ఎత్తితే నిమిషానికి 45 పైసల దాకా, ఎస్టీడీ కాల్ చేస్తే రూపాయి 15 పైసల దాకా పడేది. వచ్చిన ఫోను ఎత్తినందుకు డబ్బు పోవడం ఎవరికైనా చిరాకే. పండగకో పెళ్లికో చావుకో ఊరికి వెళ్లి వారాల తరబడి ఉండే కుటుంబానికి మాత్రం అది బడ్జెట్‌లో ఒక పద్దు. అందుకే చాలా వలస కుటుంబాల్లో రెండు సిమ్‌లు, ఒకటి ఇక్కడిది, ఒకటి అక్కడిది, ఒకే ఫోనులో ఉండేవి.

2016 ప్రకటనలో పత్రికల శీర్షికలకు ఎక్కింది డేటా. గాంధీగిరిని అనుకరిస్తూ డేటాగిరి అన్న మాటను అంబానీ ప్రయోగించడం, ఒక జీబీ 50 రూపాయలకే దొరుకుతుందనడం చర్చకు వచ్చాయి. మరునాడు పత్రికల మొదటి పేజీ నిండా ప్రధానమంత్రి ఫొటోతో వెలువడిన జియో ప్రకటన మరో వివాదమై, ఆ ఫొటో వాడటానికి అనుమతి ఇవ్వలేదని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పవలసి వచ్చింది. సూరత్ తెలుగు వాడకు మాత్రం ఆ ఉపన్యాసంలో బరువైన వాక్యం రోమింగ్ గురించినదే. రెండు సిమ్‌ల అవసరాన్ని, రైలులో సర్కిల్ మారే లెక్కను ఒక్క మాటలో అది కొట్టివేసింది.

కొట్టివేసిందా అన్నది వేరే సంగతి. జియో అప్పట్లో పూర్తిగా 4జీ నెట్‌వర్క్. అందులో మాట కూడా ఇంటర్నెట్ డేటాలాగే ప్రయాణిస్తుంది, వోల్టీ అనే ఈ పద్ధతికి పనికొచ్చే హ్యాండ్‌సెట్ ఉంటేనే ఉచిత కాల్ దక్కేది. చేతిలో కీప్యాడ్ ఫోను ఉన్నవారికి సెప్టెంబరు 5న మొదలైన ఉచిత సేవ దూరపు కబురే. సిమ్ కోసం రిలయన్స్ దుకాణాల ముందు వరుసలు కట్టినవారికీ మొదటి నెలల్లో ఇతర నెట్‌వర్క్‌లకు కాల్ కలవడమే కష్టమైంది. రెండు కంపెనీల నెట్‌వర్క్‌లు కలిసే చోట్లను అనుసంధాన బిందువులంటారు. పాత కంపెనీలు వాటిని తగినన్ని ఇవ్వడం లేదని జియో, ఉచితం పేరుతో మోయలేని రద్దీని తమ మీదికి తోస్తున్నదని పాత కంపెనీలు వాదించుకున్నాయి. 2016 అక్టోబరులో ట్రాయ్ ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియాల మీద మొత్తం 3,050 కోట్ల రూపాయల జరిమానాకు సిఫార్సు చేసింది. పర్వత్ పాటియాలో జియో సిమ్ వేసుకుని, ఊళ్లో పాత నెట్‌వర్క్ మీద ఉన్న తల్లికి ఫోను చేయబోయిన వ్యక్తికి ఈ వివాదం అంతా కాల్ కలవని చప్పుడుగానే వినిపించి ఉంటుంది. ఇంతలో నవంబరు 8న 500, 1,000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. రోజువారీ, వారంవారీ కూలి నగదులోనే ముట్టే సూరత్ సాంచెలకు ఆ దెబ్బ బలంగా తగిలింది. డిసెంబరు 31 దాకా అన్న ఉచిత పథకాన్ని కంపెనీ 2017 మార్చి 31 దాకా పొడిగించింది. సేవ మొదలైన 170 రోజుల్లో పది కోట్ల మంది చేరారని ఫిబ్రవరి 21న ప్రకటిస్తూనే, ఏప్రిల్ నుంచి 99 రూపాయల సభ్యత్వమూ, నెలవారీ ధరలూ ఉంటాయని చెప్పింది.

జియోఫోన్ అనే రెండో ప్రకటన వచ్చిన వేళ సూరత్ పరిస్థితి మరింత విశేషమైనది. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను, జీఎస్టీ, అమల్లోకి వచ్చింది. అప్పటిదాకా గుడ్డ అమ్మకం పన్ను కాగితాలకు చాలావరకు వెలుపల సాగింది. ఇప్పుడు కృత్రిమ నూలు మీద 18 శాతం, గుడ్డ మీద 5 శాతం పన్ను పడింది. నూలు మీద కట్టిన అధిక పన్నులో గుడ్డ పన్నుకు సర్దగా మిగిలినది సాంచెదారుకు తిరిగి రాదన్న నిబంధన దానికి తోడైంది. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లు మూతపడ్డాయి. వ్యాపారులు భారీ ఊరేగింపు తీశారు, లాఠీచార్జి జరిగింది, దుకాణాలు రెండు వారాలకు పైగా తెరుచుకోలేదు. మార్కెట్ గ్రే గుడ్డ తీసుకోకపోతే సాంచె ఆగుతుంది, సాంచె ఆగితే మీటరు లెక్క కూలి ఆగుతుంది. సమ్మెలో ముందు నిలిచి మాట్లాడిన వ్యాపారుల పేర్లు పత్రికల్లోకి ఎక్కినంతగా ఈ చివరి మెట్టు ఎక్కలేదు. జూలై మూడో వారంలో వ్యాపారులు సమ్మె విరమించారు. ఆ వెంటనే, జూలై 21 శుక్రవారం ఉదయం 11 గంటలకు, ముంబైలోని బిర్లా మాతుశ్రీ సభాగార్‌లో రిలయన్స్ 40వ వార్షిక సమావేశం మొదలైంది. యూట్యూబ్, ఫేస్‌బుక్, ట్విట్టర్‌లలో ప్రత్యక్ష ప్రసారమైన ఆ సభలో జియోఫోన్ విడుదలైంది.

ప్రత్యక్ష ప్రసారమన్న మాటను ఇక్కడ కొంచెం ఆగి పరీక్షించాలి. ఉదయం 11 గంటలకు పగటి షిఫ్టు కార్మికుడు సాంచెల మధ్య ఉంటాడు. పక్క మనిషి చెవిలో అరిస్తే తప్ప మాట వినబడని ఆ ధ్వనిలో ఏ ఉపన్యాసమూ చేరదు. రాత్రి షిఫ్టు దిగినవాడు ఆ వేళ నిద్రలో ఉంటాడు. కాబట్టి ముకేశ్ అంబానీ తండ్రిని తలచుకుని ఉద్వేగానికి లోనైన క్షణమూ, సభలో కూర్చున్న తల్లి కోకిలాబెన్ కంటతడి పెట్టడమూ, వాటాదారులకు ఒకటికి ఒకటి చొప్పున బోనస్ షేర్లు ప్రకటించగా లేచిన హర్షధ్వానాలూ దేశానికి ప్రత్యక్షంగా చేరినా, ఆ కంపెనీ నూలును గుడ్డగా మార్చే చేతులకు చేరింది సాయంత్రపు వార్తల సారాంశమూ, రీచార్జి దుకాణందారు చెప్పిన వివరణా. నాటకీయత రాలిపోయి, ధర మిగిలిన రూపంలో ఆ ప్రకటన అక్కడికి వచ్చింది. చరిత్రకారుడి దృష్టిలో ఇది లోపం కాదు, ఒక రకమైన వడపోత.

ఆ ధర ఏమిటి? జియోఫోన్ అసలు ధర సున్నా అన్నారు. అయితే దుర్వినియోగం జరగకుండా 1,500 రూపాయల డిపాజిట్ కట్టాలి, మూడేళ్ల తర్వాత అది తిరిగి వస్తుంది. కీప్యాడ్ ఉన్న చిన్న ఫోనే అయినా 4జీ వోల్టీ పనిచేస్తుంది, నోటితో అడిగితే జవాబిస్తుంది, 22 భారతీయ భాషలు తెలుసు, నెలకు 153 రూపాయలకు మాట, డేటా రెండూ వస్తాయి. 2016 ప్రకటనలో మిగిలిపోయిన పెద్ద ఖాళీని ఇది సూటిగా పూడ్చింది: ఉచిత కాల్‌కు ఖరీదైన హ్యాండ్‌సెట్ కావాలన్న అడ్డు తొలగింది. తెలుగు చదవగలిగి, గుజరాతీ మాట్లాడగలిగినా ఆ లిపి రాని మొదటి తరం వలస స్త్రీపురుషులకు నోటితో నడిచే, తెలుగులో కనబడే ఫోను నిజమైన సౌకర్యం. ఈ ఒక్క విషయంలో కంపెనీ చేసిన పనిని మెచ్చుకోకుండా ఉండటం అన్యాయం. మరోవైపు, రెండు వారాల కూలి పోయిన జూలైలో 1,500 రూపాయలు ముందు కట్టి మూడేళ్లు ఆగడం అన్నది ఒక అప్పు లాంటిదే, అదీ పేదవాడు కంపెనీకి ఇచ్చేది. ఆగస్టు 24న బుకింగ్ తెరిచిన కాసేపటికే వెబ్‌సైట్ స్తంభించింది. సుమారు 60 లక్షల బుకింగులు అందాక రెండు రోజుల్లోనే కంపెనీ దాన్ని ఆపివేసింది. నవరాత్రుల వేళ ఫోన్లు అందడం మొదలయ్యాక మరో షరతు బయటపడింది: ఏడాదికి కనీసం 1,500 రూపాయల రీచార్జి చేయకపోతే ఫోనును తిరిగి తీసుకునే హక్కు కంపెనీకి ఉంటుంది. పైగా అది ఇంకో కంపెనీ సిమ్‌తో పనిచేయదు. 2003 నాటి 501 రూపాయల ఫోను గుర్తున్నవారికి ఈ వరస కొత్తగా అనిపించదు.

అదే 2017 సెప్టెంబరులో సూరత్ పేరు తెలంగాణ ఇళ్లలో ఫోనుతో సంబంధం లేని మరో కారణంగా వినబడింది. సిరిసిల్ల సాంచెలకు పని కల్పించాలన్న ఉద్దేశంతో రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ పండుగకు కోటికి పైగా చీరలు పంచే పథకం ప్రారంభించింది. గడువులోపల అన్ని చీరలు సిరిసిల్లలో తయారుకాక, పెద్ద భాగం సూరత్ నుంచి తెప్పించవలసి వచ్చింది. చీరల నాణ్యత బాగాలేదని కొన్నిచోట్ల మహిళలు వాటిని తగలబెట్టారు. వలస వెళ్లిన తెలుగువారు పనిచేసే నగరంలో నేసిన పాలియెస్టర్ గుడ్డ, వలస వెళ్లనివారి కోసం తలపెట్టిన పథకంలో భాగంగా సొంత రాష్ట్రానికే తిరిగి చేరడం విచిత్రమైన మలుపు. ఆ అక్టోబరు 22న వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. సూరత్, భివండీ, షోలాపూర్‌లకు పోయిన నేతన్నలను వెనక్కి రప్పించడం దాని ప్రకటిత లక్ష్యాల్లో ఒకటి. అంటే ఒకే ఏడాదిలో ఆ కుటుంబాల ముందుకు రెండు వేదికల నుంచి రెండు వాగ్దానాలు వచ్చాయి. ఒకటి ఉన్నచోటు నుంచే ఊరితో చౌకగా మాట్లాడుకోవచ్చన్నది, రెండోది ఊరికే తిరిగి రావచ్చన్నది. మొదటిది త్వరగా అందింది.

తర్వాతి చరిత్రలో వేగంగా దాటవలసినది చాలా ఉంది. 2018 సెప్టెంబరులో వాట్సాప్ జియోఫోన్‌లోకి వచ్చాక దాని ఉపయోగం పెరిగింది. గుజరాత్, ఆంధ్రప్రదేశ్ సర్కిళ్లు రెండింటిలోనూ చౌక రేట్లతో నడిచిన టెలినార్ అదే ఏడాది ఎయిర్‌టెల్‌లో కలిసిపోయింది, ఎయిర్‌సెల్ దివాలా తీసింది, వొడాఫోన్, ఐడియా ఏకమయ్యాయి. పోటీదారుల సంఖ్య తగ్గడమంటే ఏమిటో 2019 అక్టోబరు 9న తెలిసింది. ఒక కంపెనీ వినియోగదారుడు మరో కంపెనీ వినియోగదారుడికి ఫోను చేస్తే మొదటి కంపెనీ రెండోదానికి కట్టే రుసుమును అనుసంధాన వినియోగ రుసుము అంటారు. ట్రాయ్ దాన్ని 2017 అక్టోబరులో 14 పైసల నుంచి 6 పైసలకు తగ్గించినా పూర్తిగా ఎత్తివేయలేదు. ఆ 6 పైసలను ఇకమీద ఇతర నెట్‌వర్క్‌లకు చేసే ప్రతి నిమిషానికీ వినియోగదారుడి నుంచే వసూలు చేస్తామని జియో తెలిపింది. ఎప్పటికీ ఉచితమన్న 2016 మాట మీద సామాజిక మాధ్యమాల్లో వెల్లువెత్తిన ఎగతాళి, ఆ కంపెనీ అప్పటిదాకా చూడనిది. సూరత్‌లో జియో వాడుతూ ఊళ్లో వేరే నెట్‌వర్క్‌లో ఉన్న పెద్దలతో మాట్లాడే ఇళ్లకు ఎగతాళి కన్నా లెక్క ముఖ్యం. 2021 జనవరి 1న ఆ రుసుము రద్దయ్యేదాకా అది నడిచింది.

ఇక్కడ గమనించవలసిన తేడా ఒకటుంది. 6 పైసల సంగతి వేదిక మీద నుంచి రాలేదు. 2019 ఆగస్టు 12 నాటి వార్షిక సమావేశంలో అంబానీ చెప్పింది జియోఫైబర్ గురించి. రెండు నెలల తర్వాత వసూలు కబురు పత్రికా ప్రకటనగా వెలువడింది. 2020 జూలై 15న, మహమ్మారి వల్ల తొలిసారి పూర్తిగా తెర మీదే జరిగిన సమావేశంలో గూగుల్ 33,737 కోట్ల రూపాయల పెట్టుబడి వార్త వచ్చింది. 2021 జూన్‌లో చౌక స్మార్ట్‌ఫోను వాగ్దానం వచ్చింది. వినాయక చవితికని చెప్పినది దీపావళికి జరిగి, నవంబరు 4న 6,499 రూపాయల ధరతో వెలువడగా, ఇంత తక్కువ ధర ఆశించలేదన్న మెప్పు కన్నా ఇంకా తగ్గుతుందనుకున్నామన్న నిరాశే ఎక్కువగా వినిపించింది. 2024 జూన్ 27న ధరలను 12 నుంచి 25 శాతం దాకా పెంచుతున్నట్టు వచ్చిన కబురు మళ్లీ పత్రికా ప్రకటనే. అదే ఏడాది ఆగస్టు 29న జరిగిన వార్షిక సమావేశంలో మాత్రం వంద జీబీ దాకా ఉచిత క్లౌడ్ నిల్వ, అంటే ఫొటోలూ కాగితాలూ కంపెనీ సర్వర్లలో దాచుకునే చోటు, వేదిక మీద నుంచి ప్రకటించారు. ఇచ్చేది ప్రత్యక్ష ప్రసారంలో, తీసుకునేది కాగితం మీద అన్న ఈ పద్ధతి ఒక్క రిలయన్స్‌కే చెందినది కాదు, దాన్ని అందరికన్నా నిలకడగా పాటించింది మాత్రం ఆ కంపెనీయే.

2024 జూలై ధరల పెంపుకు స్పందన తెర మీద కన్నా సిమ్ అమ్మే దుకాణాల్లో స్పష్టంగా కనబడింది. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా కూడా అవే రోజుల్లో ధరలు పెంచగా, నంబరు మార్చుకోకుండానే కంపెనీ మారే సౌకర్యాన్ని వాడుకుని జనం బీఎస్ఎన్ఎల్ వైపు మళ్లారు. ట్రాయ్ లెక్కల ప్రకారం ఆ ఒక్క నెలలో మూడు ప్రైవేటు కంపెనీలూ వినియోగదారులను కోల్పోగా, 2006లో నిమిషానికి రూపాయి అని చెప్పి దూరాన్ని చెరిపిన ఆ ప్రభుత్వ సంస్థకు దాదాపు 29 లక్షల మంది కొత్తగా చేరారు.